ఎత్తేది జాకీ, మోసేది స్టాండు

పాత స్పోర్ట్స్ కారుకు గ్రీజు పెట్టడం పావుగంట పని. దానికి ముందు చేసుకునే అరగంట ఏర్పాటే మనిషి ప్రాణానికి పూచీ.

మేము టీ తాగి వచ్చేసరికి జాకీ దిగిపోయి ఉంది.

2022 జూన్ నెలలో ఒక ఆదివారం ఉదయం. ఇంగ్లండులో బర్మింగ్‌హాం నగర శివారున మా అక్కయ్యగారి ఇల్లు. బావగారు ముప్ఫై ఏళ్లుగా అక్కడ వైద్యవృత్తిలో ఉన్నారు. ఇంటి పక్క షెడ్డులో ఆయన ప్రాణంగా చూసుకునే కారు ఒకటి ఉంది: 1967 నాటి ఎమ్.జి.బి. రెండే సీట్లు, మడిచి పెట్టుకునే గుడ్డ పైకప్పు, తీగచువ్వల చక్రాలు. ఆ ఉదయం దానికి గ్రీజు పెట్టే కార్యక్రమం. ముందు భాగాన్ని ట్రాలీ జాకీతో ఎత్తారు. కారు స్థిరంగానే నిలిచింది. నేను గ్రీజు గన్ను అందించబోయాను. ఆయన దానిని పక్కన పెట్టి, మూల నుంచి రెండు ఉక్కు స్టాండ్లు తెచ్చారు.

“జాకీ గట్టిగానే ఉంది గదా బావగారూ! మళ్లీ ఇవెందుకు?” అన్నాను.

ఆయన బదులు చెప్పలేదు. స్టాండ్లను కారు కింద నిలిపి, జాకీని మెల్లగా వదలి, బరువు వాటి మీదికి దించారు. తరువాత జాకీ తలను దూలానికి ఆనీ ఆననట్టు ఉంచారు. ఇంతలో అక్కయ్య టీకి పిలిచింది. పదిహేను నిమిషాల తరువాత వచ్చి చూస్తే, జాకీ తల దూలాన్ని వదిలి రెండంగుళాలు కిందికి దిగిపోయి ఉంది. నేల మీద నూనె మరక. కారు మాత్రం వెంట్రుకవాసి కూడా కదలలేదు.

“ఎత్తేది జాకీ. మోసేది స్టాండు. ఈ రెండూ ఒకటేననుకున్నవాడికే ప్రమాదం,” అన్నారు బావగారు. నేను మాట్లాడలేదు. స్టాండ్లు లేకపోతే ఆ పదిహేను నిమిషాలలో ఆ కారు కింద పడుకుని ఉండేది నేనే.

అబింగ్డన్‌లో పుట్టిన బండి

ఎమ్.జి. అనే రెండక్షరాలు నేడు మనదేశంలో చాలామందికి పరిచితమే. గుజరాత్‌లోని హాలోల్ కర్మాగారంలో 2019 నుంచి ఆ పేరుతో కార్లు తయారవుతున్నాయి. కాని ఆ పేరు పుట్టింది ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ పట్టణంలో. అక్కడి ‘మోరిస్ గరాజెస్’ అనే సంస్థ పేరులోని మొదటి అక్షరాలే ఎమ్.జి. తరువాత అది సమీపంలోని అబింగ్డన్‌కు తరలి, చిన్న స్పోర్ట్స్ కార్లకు పేరుగాంచింది. ఆ వరుసలో ఎక్కువ సంఖ్యలో తయారైనది ఎమ్.జి.బి. 1962లో వెలువడి, 1980 వరకు తయారయింది. దాని రూపాంతరాలు కూడా కలుపుకుంటే అయిదు లక్షలకు పైగా బయటికి వచ్చాయి.

మన పాఠకులకు ఈ కారు పూర్తిగా పరాయిది కాదు. దాని 1798 సి.సి. ఇంజనూ, మన అంబాసిడర్ కారు దశాబ్దాలపాటు మోసిన 1489 సి.సి. ఇంజనూ ఒకే కుటుంబంలోనివి. రెంటినీ ‘బి-సిరీస్’ అంటారు. అంబాసిడర్ ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. అయితే ఆ కారును నడిపిన పాతతరం డ్రైవరు ఎవరైనా ఎమ్.జి.బి. ముందు మూత ఎత్తి చూస్తే, ‘ఇది మనదే!’ అనుకోకుండా ఉండలేడు.

ఇంగ్లండులో నలభై ఏళ్లు దాటిన కార్లకు ఒక మినహాయింపు ఉంది. మౌలికంగా మార్పులు చేయని అటువంటి వాహనాలకు 2018 మే నెల నుంచి వార్షిక యోగ్యతా పరీక్ష తప్పనిసరి కాదు. 1980తో ఆగిపోయింది కనుక ప్రతి ఎమ్.జి.బి.కీ ఇప్పుడు ఆ వయస్సు వచ్చేసింది. ఇది యజమానికి దక్కిన సౌకర్యంగా కనిపించవచ్చు. కాని అడుగున తుప్పు ఉందో, స్టీరింగు వదులైందో చూచే అధికారి ఇక ఎవరూ లేరన్నమాట. కారును రోడ్డుకు తగిన స్థితిలో ఉంచే బాధ్యత మాత్రం చట్టం దృష్టిలో యజమాని మీదే ఉంది. ఆ బాధ్యత నెరవేరేది గ్రీజు పెట్టడానికి కారు కిందికి వెళ్లిన రోజుననే. ఆ రోజు యజమానే పరీక్షాధికారి.

కందెన ఎందుకు?

కృష్ణా జిల్లాలో మా తాతగారికి ఎడ్లబండి ఉండేది. బండి కింద ఒక వెదురు గొట్టం వేలాడుతూ ఉండేది. అందులో ఆముదమూ, వరిగడ్డి మసీ కలిపి నూరిన నల్లని ముద్ద. అదే కందెన. ఇరుసు చివర సీల ఊడదీసి, చక్రాన్ని కొంచెం బయటికి లాగి, ఇరుసుకు కందెన పట్టించేవారు. గ్రీజు అన్నది ఆ కందెనకే నేటి రూపం. నూనెకు సబ్బు వంటి పదార్థం కలిపి చిక్కబరిస్తే అది పెట్టినచోట నిలుస్తుంది, జారిపోదు. లోహానికీ లోహానికీ మధ్య పలుచని పొరగా ఉండి అరుగుదలను ఆపుతుంది. నీటినీ మట్టినీ లోనికి రానీయదు.

నేటి కార్లలో ఇటువంటి కీళ్లకు కర్మాగారంలోనే గ్రీజు నింపి మూసివేస్తారు. యజమాని దాని ఊసెత్తనక్కరలేదు. ఎమ్.జి.బి. వంటి పాత కార్లలో అట్లా కాదు. ముందు చక్రాలను తిప్పే కింగ్‌పిన్‌కు ఒక్కో పక్క మూడేసి చొప్పున ఆరు గ్రీజు నిపుళ్లు ఉన్నాయి. ఇవి గాక ఇంజను శక్తిని వెనుక ఇరుసుకు చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్టు జారుడు కీలుకు ఒకటి, హ్యాండ్‌బ్రేకు కేబులుకు ఒకటి. ప్రతి 3,000 మైళ్లకు, అంటే సుమారు 4,800 కిలోమీటర్లకు, వీటన్నిటికీ గ్రీజు పెట్టాలి. ఏడాదికి వెయ్యి మైళ్లయినా తిరగని కారుకు మైళ్ల లెక్క పనికిరాదు. గ్రీజు ఎండిపోవడానికి కాలం చాలు. కనుక సంవత్సరానికి రెండుసార్లు పెట్టడం మంచిది.

మనదేశంలో పాత కార్లను పెట్రోలు బంకులో గుంట మీద నిలిపి గ్రీజు కొట్టించడం వాడుకగా ఉండేది. అది చెడు పద్ధతి కాదు. అయితే కారు తన చక్రాల మీదనే నిలిచి ఉన్నప్పుడు దాని బరువంతా కింగ్‌పిన్‌ను ఒక పక్కకు అదిమి ఉంచుతుంది. అరుగుదల ఎక్కువగా జరిగేది ఆ పక్కననే. లోహం లోహాన్ని ఒత్తుకుని ఉన్నచోటికి గ్రీజు చొరబడలేదు. అది సులువైన దారి చూసుకుని ఖాళీగా ఉన్న పక్క నుంచి బయటికి వచ్చేస్తుంది. చూచేవారికి గ్రీజు నిండినట్టే ఉంటుంది గాని, కావలసిన చోటికి చేరి ఉండదు. చక్రం గాలిలో వేలాడినప్పుడు ఆ ఒత్తిడి తొలగి, సన్నని సందు ఏర్పడి, గ్రీజు చుట్టూ వ్యాపిస్తుంది. కారును ఎత్తవలసిన అగత్యం ఇందుకే. వాలుబల్లల మీదికి కారును ఎక్కించడం కూడా ఈ పనికి చాలదు. అప్పుడు కూడా బరువు చక్రాల మీదనే ఉంటుంది గనుక.

జాకీ బలం, జాకీ బలహీనత

చేతిపిడిని నాలుగుసార్లు ఆడిస్తే టన్ను బరువు పైకి లేవడం చూచేవారికి ఇంద్రజాలం వంటిదే. దాని వెనుక ఉన్నది పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ చెప్పిన సూత్రం. మూసిన పాత్రలోని ద్రవం మీద ఒకచోట కలిగించిన పీడనం అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుంది. చిన్న ముషలకం వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరు, పెద్దదాని వైశాల్యం ఇరవై చదరపు సెంటీమీటర్లు అనుకోండి. చిన్నదాని మీద 25 కిలోల బరువు వేస్తే పెద్దది 500 కిలోలను ఎత్తగలదు. ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా ఈ సూత్రంతో పనిచేసే యంత్రానికి 1795లో పేటెంటు పొందాడు. 1851లో న్యూయార్కులో రిచర్డ్ డడ్జన్ దానిని చేత పట్టుకుపోదగిన జాకీగా మలచి పేటెంటు తీసుకున్నాడు.

ఈ బలం అంతా లోపలి నూనెను ఆపి ఉంచే చిన్న కవాటం మీదా, రబ్బరు సీళ్ల మీదా ఆధారపడి ఉంది. సీలు గట్టిపడి పగిలినా, కవాటం పీట మీద ఇసుక రేణువు ఒకటి చిక్కినా నూనె సందు చూసుకుంటుంది. అప్పుడు బరువు మెల్లమెల్లగా దిగుతుంది. ఒక్కొక్కప్పుడు మెల్లగా కాదు, ఒక్కసారిగానే దిగుతుంది. జాకీ మీద ముద్రించిన ‘2 టన్నులు’ అన్న అంకె అది ఎంత ఎత్తగలదో చెబుతుంది. ఎంతసేపు మోయగలదో చెప్పదు.

ట్రాలీ జాకీకి మరొక స్వభావం కూడా ఉంది. దాని చేయి నిట్టనిలువుగా లేవదు, వృత్తఖండంగా లేస్తుంది. కారు పైకి లేచే కొద్దీ జాకీ తన చిన్న చక్రాల మీద ముందుకో వెనుకకో కొంచెం దొర్లాలి. నేల గరుకుగా ఉండి దొర్లలేకపోతే, తల కారు అడుగున పక్కకు జారుతుంది. గచ్చు నేల మీద చక్కగా పనిచేసే జాకీ కంకర మీద ప్రాణాంతకం కావడానికి కారణం ఇదే.

నేల, చక్రం, బ్రేకు

కాబట్టి మొదటి పని నేలను చూడడం. గట్టిగా, సమతలంగా ఉన్న గచ్చు శ్రేష్ఠం. పచ్చిక, మట్టి, కంకర పనికిరావు. తారునేల గట్టిదిగా కనిపించినా ఎండలో మెత్తబడుతుంది. సన్నని స్టాండు కాళ్లు అందులో దిగబడతాయి. మరో చోటు లేకపోతే ప్రతి స్టాండు కిందా మందపాటి ఉక్కు పలక వేయాలి. వాలునేల మీద ఎత్తనే కూడదు. కొద్దిపాటి వాలు కంటికి కనబడదు గనుక, సందేహం ఉంటే ఒక గోళీకాయను నేల మీద వదిలి చూడండి.

రెండవది చక్రాలకు అడ్డు. ఇక్కడ చాలామంది హ్యాండ్‌బ్రేకును నమ్ముకుంటారు. ఎమ్.జి.బి.లో హ్యాండ్‌బ్రేకు పట్టేది వెనుక చక్రాలను మాత్రమే. కారు ముందు భాగాన్ని ఎత్తినప్పుడు వెనుక చక్రాలు నేల మీదనే ఉంటాయి గనుక అది పనికి వస్తుంది. వెనుక భాగాన్ని ఎత్తితే, బ్రేకు పట్టి ఉన్న రెండు చక్రాలూ గాలిలో ఉంటాయి. నేల మీద ఉన్న ముందు చక్రాలకు ఏ అడ్డూ లేదు. చేతిలో బ్రేకు పిడి బిగువుగానే ఉంటుంది, కారు మాత్రం దొర్లిపోవచ్చు.

గేరులో ఉంచితే చాలదా అని మరికొందరు అడుగుతారు. వెనుక చక్రాలలో ఒక్కదానినే ఎత్తినప్పుడు గేరు కూడా మోసం చేస్తుంది. మలుపులో రెండు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగడానికి వీలు కల్పించేది డిఫరెన్షియల్. ఇంజను షాఫ్టును పట్టి ఉంచినా, గాలిలోని చక్రం ఒక దిశలో తిరిగితే నేల మీది చక్రం దానికి ఎదురు దిశలో తిరగగలదు. అంటే గేరులో ఉన్న కారు కూడా కదలగలదు. కనుక నేల మీద ఉండబోయే చక్రాలకు ముందూ వెనుకా దిమ్మెలు అడ్డం పెట్టడం తప్పనిసరి. చేతికి దొరికిన గుండ్రని రాయి కాదు, ఏటవాలుగా కోసిన గట్టి కొయ్య దిమ్మె కావాలి. అది టైరుకు ఆని ఉండాలి, జానెడు దూరంలో కాదు.

ఎక్కడ ఎత్తాలి?

ఎమ్.జి.బి.కి విడిగా చట్రం లేదు. శరీరపు రేకులే ఒకదానితో ఒకటి అతికి చట్రం పని చేస్తాయి. తలుపుల కింద పొడవునా సాగే పెట్టె వంటి భాగం ఉంది. మన ఇళ్ల గడప వంటిదే గనుక దానిని గడప అందాం. పైకప్పు లేని కారులో శరీరం మధ్యలో వంగిపోకుండా ఆపేది ముఖ్యంగా ఆ గడపే. కారుతో పాటు ఇచ్చిన పాత జాకీని గడప మధ్యలో ఉన్న గూటిలో దూర్చి ఎత్తితే, ఒక పక్క రెండు చక్రాలూ ఒకేసారి లేస్తాయి. కొత్తదనంలో అది చక్కని ఏర్పాటు. అరవై ఏళ్ల తరువాత సంగతి వేరు. గడప లోపల చేరిన తడి రేకును లోనుంచే తినేస్తుంది. పైన రంగు నిగనిగలాడుతూ ఉంటుంది, లోపల రేకు కాగితమై ఉంటుంది. జాకీ ఆ రేకును చీల్చుకుని పైకి వస్తుంది, కారు కిందికి వస్తుంది. ఆ గూడు నేడు చక్రం మార్చడానికే అనుమానాస్పదం. మనిషి కిందికి దూరే పనికి ఎంతమాత్రం తగదు.

ముందు భాగాన్ని ఎత్తడానికి తగిన చోటు రెండు ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉన్న బలమైన ఉక్కు దూలం. సస్పెన్షన్ మొత్తం దానికే అమరి ఉంటుంది. దాని నడుమ, జాకీ తలకూ దూలానికీ మధ్య ఒక కొయ్య పలక ఉంచి ఎత్తితే లోహం లోహం మీద జారదు. వెనుక భాగానికి ఇరుసు నడుమ ఉన్న డిఫరెన్షియల్ గుల్ల తగిన చోటు. ఇంజను అడుగున ఉన్న నూనె తొట్టి పలుచని రేకుది. దాని మీద గాని, గేరుబాక్సు మీద గాని, సీట్ల కింది రేకు మీద గాని జాకీ ఆనించరాదు.

తీగచువ్వల చక్రాలను కూడా విప్పదలచుకుంటే, నడిబొడ్డున ఉన్న రెక్కల మరను చక్రం నేల మీద ఉన్నప్పుడే మెత్తని లోహపు సుత్తితో ఒక దెబ్బ కొట్టి సడలించండి. గాలిలో నిలిచిన కారును సుత్తితో మోదడం వివేకం కాదు. ఎడమ పక్క మర, కుడి పక్క మర వ్యతిరేక దిశలలో తిరుగుతాయని మరువవద్దు.

బరువు దించుకునే విధం

ఈ కారు అడుగు నేలకు జానెడు ఎత్తున కూడా ఉండదు. మొత్తం బరువు సుమారు ఒక టన్ను. ముందు భాగం వరకు చూసుకున్నా దాదాపు 500 కిలోలు, అంటే పది సిమెంటు బస్తాలు. ఎత్తేటప్పుడు కారు లోపల ఎవరూ ఉండకూడదు. ఎత్తేవారి శరీరంలో ఏ భాగమూ కారు కింద ఉండకూడదు. అవసరమైన దానికన్నా ఒక్క అంగుళం కూడా ఎక్కువ ఎత్తవద్దు.

తరువాత స్టాండ్లు. ముందు భాగానికి ఇంజను ఇరుపక్కలా నిడివిగా సాగే బలమైన పట్టీల కింద, వెనుక భాగానికి ఇరుసు గొట్టాల కింద, స్ప్రింగులకు దగ్గరగా వీటిని నిలపాలి. ఇరుసు మీదుగా సాగే సన్నని బ్రేకు గొట్టం స్టాండుకూ ఇరుసుకూ మధ్య నలగకుండా చూడాలి. తుప్పు అనుమానం ఉన్నచోట ముందుగా స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూడండి. గట్టి ఉక్కు ఖంగుమంటుంది, తిన్న ఉక్కు మూగగా పలుకుతుంది. రెండు స్టాండ్లనూ ఒకే ఎత్తున ఉంచి, వాటి కొక్కేలు పూర్తిగా పంటిలో పడ్డాయో లేదో కంటితో చూచి, అప్పుడు జాకీని మెల్లగా వదిలి బరువు వాటి మీదికి దించండి.

ఇటుకలను, బోలు సిమెంటు దిమ్మెలను స్టాండ్లుగా వాడేవారు ఇప్పటికీ ఉన్నారు. గోడలో బరువు ఇటుక మీద అంతటా సమంగా పడుతుంది గనుక అది మోస్తుంది. కారు కింద బరువంతా ఒక అంచు మీద పడుతుంది. ఇటుక వంగదు, ముందుగా హెచ్చరించదు, ఒక్క క్షణంలో పగిలిపోతుంది. ఉక్కు విరిగేముందు వంగుతుంది. ఆ తేడా మీదనే ప్రాణం ఆధారపడి ఉంది.

బరువు దించిన తరువాత, కిందికి దూరేముందు, పక్కన నిలబడి కారును రెండు చేతులతో గట్టిగా అటూ ఇటూ ఊపండి. పడేదైతే అప్పుడే పడాలి, మీరు బయట ఉన్నప్పుడే. చివరగా, విప్పిన చక్రాన్నో అదనపు చక్రాన్నో గడప కిందికి పడుకోబెట్టి తోయండి. అన్నీ విఫలమైనా, కారుకూ నేలకూ మధ్య ఒక చక్రం మందమంత చోటు మిగులుతుంది.

బావగారు ఇంకొక నియమం కూడా పాటిస్తారు. ఇంట్లో మరొక మనిషి ఉన్నప్పుడు తప్ప ఆయన కారు కిందికి వెళ్లరు. కారణం వైద్యుడిగా ఆయనే చెప్పారు. రొమ్ము మీద బరువు పడిన మనిషికి ఎముకలు విరగకపోయినా ప్రాణాపాయమే. ఊపిరి తీయాలంటే పక్కటెముకలు పైకి లేవాలి. లేవనీయకపోతే గాలి లోపలికి పోదు. ఊపిరి లేకుండా మెదడు ఓర్చుకోగలిగేది కొద్ది నిమిషాలే. అరిచి పిలవడానికి కూడా ఊపిరే కావాలి. కనుక పక్కన ఉన్నవారు దగ్గరలో సిద్ధంగా ఉన్న జాకీతో కారును వెంటనే లేపాలి. అదే సమయంలో ఇంకొకరు అత్యవసర సహాయానికి ఫోను చేయాలి. ఇంగ్లండులో 999, మనదేశంలో 112. జాకీని పని పూర్తయ్యేవరకు కారు దగ్గరే ఉంచాలనడం ఇందుకే.

ఇక గ్రీజు

ఇంత ఏర్పాటు తరువాత అసలు పని తేలికే. ప్రతి నిపులునూ ముందు గుడ్డతో శుభ్రంగా తుడవాలి. తుడవకపోతే దాని మీది ఇసుకను మనమే గన్నుతో లోపలికి ఎక్కించినవాళ్లమవుతాము. గన్ను మూతిని నిటారుగా అమర్చి నెమ్మదిగా నొక్కితే, కీలు అంచుల నుంచి పాత గ్రీజు నల్లగా బయటికి వస్తుంది. దాని వెంట కొత్త గ్రీజు తేటగా కనిపించగానే ఆపాలి. స్టీరింగును ఒక కొసనుంచి మరొక కొసకు తిప్పి, మళ్లీ రెండు నొక్కులు నొక్కితే అన్ని పక్కలకూ అందుతుంది. బయటికి వచ్చినదంతా తుడిచివేయాలి. బ్రేకు డిస్కు మీద ఒక్క చుక్క పడినా ప్రమాదమే. ఎంత నొక్కినా గ్రీజు పోని నిపులు మూసుకుపోయినదన్నమాట. దానిని విప్పి మార్చాలే గాని, బలవంతం చేయరాదు.

పరీక్షాధికారి పాత్ర కూడా ఇప్పుడే. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట కనిపిస్తే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. ఆట మాయమైతే లోపం చక్రపు బేరింగులో ఉంది. బ్రేకు తొక్కినా పోకపోతే కింగ్‌పిన్ అరిగింది. బ్రేకు గొట్టాల మీద తుప్పు, రబ్బరు గొట్టాలలో చీలికలు, నూనె కారిన గుర్తులు, అన్నీ ఈ చూపులోనే పడాలి.

ముందు పని ముగిసి, కారును కిందికి దించిన తరువాతనే వెనుక పని మొదలుపెట్టాలి. గ్రీజు పెట్టడానికి నాలుగు చక్రాలనూ ఒకేసారి ఎత్తవలసిన అవసరం ఏనాడూ లేదు. వెనుక భాగంలో ఒక చిక్కు ఉంది. ప్రొపెల్లర్ షాఫ్టు మీది నిపులు ఒక్కొక్కప్పుడు పై వైపుకు తిరిగి ఉంటుంది. దానిని కిందికి తేవాలంటే గేరు తీసి, హ్యాండ్‌బ్రేకు వదిలి, వెనుక చక్రాన్ని చేతితో తిప్పాలి. అప్పుడు కారును ఆపి ఉంచేవి ముందు చక్రాల దిమ్మెలు తప్ప మరేవీ లేవు. దిమ్మెలను ముందుగా ఎందుకు పెట్టాలో ఆ క్షణంలో తెలుస్తుంది.

దించేటప్పుడు కూడా అదే నిదానం కావాలి. పనిముట్లన్నీ బయటికి తీసి, కింద ఎవరూ లేరని వంగి చూచి, జాకీతో కొంచెం ఎత్తి, స్టాండ్లు తొలగించి, కవాటాన్ని వెంట్రుకవాసి చొప్పున వదలాలి. పనులు అయిపోయాయన్న తొందరలోనే చేతివేళ్లు నలుగుతాయి.

ఆ ఆదివారం మధ్యాహ్నానికి మా పని ముగిసింది. కారిన జాకీని బావగారు షెడ్డు బయట పెట్టి, ‘పనికిరాదు’ అని ఒక అట్ట మీద రాసి దానికి కట్టారు. సీళ్లు మార్చేవరకు అది అక్కడే. సాయంత్రం నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని పల్లె దారులలో తిప్పారు. స్టీరింగు వేలికొసతో తిరుగుతోంది.

దారిలో నాకు తాతగారు గుర్తుకు వచ్చారు. ఇరుసు కింద ఊతకర్ర నిలిపి, భుజంతో బండిని ఒకసారి గట్టిగా తోసి చూచిన తరువాతనే ఆయన సీల మీద చేయి వేసేవారు. బండి బరువు తన భుజానికి తెలుసు గనుక దానిని ఆయన ఎప్పుడూ తేలికగా తీసుకోలేదు. జాకీ వచ్చి ఆ బరువును మన చేతికి తెలియకుండా చేసింది. నాలుగుసార్లు పిడి ఆడించిన చేతికి టన్ను సంగతి ఏం తెలుస్తుంది? చేతికి తెలియని బరువును బుద్ధితో తెలుసుకోవలసిందే.